విరామశాస్త్రం, నాలుగో తరగతి

గంధంపేట మునిసిపల్ బడిలో ఇంటర్‌బెల్లు తీసేశారన్న సంగతి హైమావతికి ఎవరూ చెప్పలేదు. నాలుగో తరగతి చదివే కూతురు లాస్య రోజూ మంచినీళ్ళ సీసా నింపింది నింపినట్టే ఇంటికి తెస్తుంటే ఆవిడకే అనుమానం వచ్చింది.

"ఎండలిట్లా మండిపోతుంటే చుక్క నీళ్ళు తాగకపోతే ఎట్లాగే?"

"తాగితే వస్తుంది కదమ్మా."

"ఏం వస్తుంది?"

లాస్య చిటికెనవేలు చూపించింది. "మధ్యలో బెల్లు కొట్టట్లేదు. అన్నం బెల్లు దాకా ఆగాలి. అప్పుడేమో అందరూ ఒకేసారి పరిగెడతారు. మా దొడ్డికి కుళాయీ లేదు, తలుపూ లేదుగా, ఒకళ్ళు వెళ్తే ఇంకొకళ్ళు అడ్డంగా నిలబడాలి. నా వంతు వచ్చేసరికి మళ్ళీ బెల్లు కొట్టేస్తారు."

హైమావతికి బస్టాండు సందులో కర్రీ పాయింటు ఉంది. సాంబారు నీళ్ళగా ఉందని వచ్చినవాడు ఇంకో సాంబారు పొట్లం కొనుక్కుని వెళ్ళేంత మాటకారి ఆవిడ. మర్నాడు పప్పు తాలింపు వేసి, కొట్టు మొగుడికి అప్పజెప్పి, నేరుగా హెడ్మాస్టారి గదిలోకి వెళ్ళింది.

హెడ్మాస్టారు భుజంగరావు గారు మంచివాడు. పిల్లల్ని ఎన్నడూ కొట్టి ఎరగడు. పైనుంచి వచ్చిన కాగితమంటే మాత్రం ఆయనకు హడల్. సర్క్యులర్ చేతికొస్తే కూర్చున్నవాడు కాస్తా లేచి నిలబడి చదువుతాడు.

"నిరంతర జ్ఞానధార అని కొత్త పథకం వచ్చిందమ్మా," అన్నాడు. "రాజధానిలో ఎవరో మేధావి లెక్క కట్టారట. ఇంటర్‌బెల్లు నిమిషాల్ని రాష్ట్రంలో ఉన్న పిల్లలందరితోనూ గుణిస్తే కొన్ని శతాబ్దాలు తేలాయట. ఏడాదికి అన్ని శతాబ్దాలు వృథా అయిపోతుంటే చూస్తూ ఊరుకోలేక విరామం రద్దు చేశారు."

"మరి ఆ మిగిలిన శతాబ్దాలతో ఇప్పుడేం చేస్తున్నారు సార్?"

"ఎక్కాలు చదివిస్తున్నాం." ఆయన గొంతు తగ్గించాడు. "మోకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని కూర్చుని చదువుతున్నారు. ఐదో ఎక్కం దాటి ఎవరూ వెళ్ళలేకపోతున్నారు."

ఆ వారంలోనే లాస్యకు జ్వరం వచ్చింది. ఒంటికి వెళ్తే మంటని ఏడ్చింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ మందు రాసిస్తూ, "పిల్ల నీళ్ళు తాగట్లేదు, ఆపుకుంటోంది. ఏ బడమ్మా మీది?" అని అడిగింది. హైమావతి ఇంటికొచ్చి బళ్ళో పిల్లలున్న ఇళ్ళన్నీ తిరిగింది. మోటారు సైకిళ్ళు బాగుచేసే మస్తాను అందరికంటే ముందు బయల్దేరాడు. రెండో తరగతి చదివే వాళ్ళబ్బాయి బడి వదలగానే ఇంట్లోకి రాకుండా సందు గోడ దగ్గరికి పరిగెడుతున్నాడట.

అందరూ కలిసి డిప్యూటీ విద్యాశాఖాధికారి త్రివిక్రమరావు గారి ఆఫీసుకు వెళ్ళారు. ఆయన మాట్లాడేటప్పుడు కూడా అడుగున సంతకం పెడుతున్నట్టే ఉంటుంది.

"చూడండమ్మా. విరామం అనునది కార్యక్రమం కాదు. రెండు కార్యక్రమముల నడుమ ఏర్పడిన ఖాళీ. ఖాళీకి ప్రభుత్వం నిధులు మంజూరు చేయజాలదు. నిధులు లేని అంశానికి సమయం కేటాయించజాలదు. సమయం కేటాయించని అంశానికి గంట మ్రోగించుట నిబంధనలకు విరుద్ధం."

"మరి దొడ్డికి తలుపు సంగతేంటి సార్?" అన్నాడు మస్తాను. "రెండేళ్ళ కిందట అర్జీ పెట్టాం."

"విరామమే లేనప్పుడు విరామ సౌకర్యముల ఆవశ్యకత ఉత్పన్నం కాదు. కనుక మీ అర్జీ పరిష్కరింపబడినట్లుగా భావించవచ్చును."

మస్తాను చేతిలో ఉన్న టోపీ అటూ ఇటూ తిప్పాడు. తన అర్జీ పరిష్కారమైందని తెలిశాక సంతోషించాలో ఏం చెయ్యాలో అతనికి పాలుపోలేదు.

హైమావతికి ఒళ్ళు మండింది. "అయితే దాన్ని కూడా ఒక సబ్జెక్టు అనుకోండి సార్! తెలుగు, లెక్కలు, ఇంటర్‌బెల్లు! అట్లా అనుకునైనా గంట కొట్టించండి!"

కోపంతో అన్న మాటది. కానీ త్రివిక్రమరావు గారి కలం ఆగిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి, హైమావతి వంక కొత్తగా చూశాడు.

"సబ్జెక్టు," అన్నాడు, పాయసం రుచి చూసినట్టు. "సబ్జెక్టు... అమ్మా, మీరు కాఫీ తీసుకుంటారా?"

కాఫీ ఇచ్చినప్పుడే అనుమానించాల్సింది.

నెల తిరక్కుండా ఉత్తర్వు దిగింది. తల్లిదండ్రుల చిరకాల వాంఛను మన్నించి ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 'విరామశాస్త్రం' అనే పాఠ్యాంశం ప్రవేశపెడుతున్నామనీ, ముందుగా గంధంపేట బడిలో ప్రయోగాత్మకంగా మొదలవుతుందనీ. మస్తాను మిఠాయి పంచాడు. హైమావతి కొట్టుకొచ్చిన వాళ్ళకి ఆ పూట వంకాయ కూర కొసరి కొసరి వేసింది.

మొదటి రోజు మధ్యలో గంట మోగగానే పిల్లలు కేకలేస్తూ గుమ్మం మీద పడ్డారు. గుమ్మం మూసి ఉంది. తలా ఒక పుస్తకం ఇచ్చి, చేతులు కట్టుకుని కూర్చోమన్నారు.

మొదటి అధ్యాయం: పరుగు. "రెండు పాదములను ఒకదాని వెంట ఒకటి వేగముగా ముందునకు వేయుటను పరుగు అందురు. పరుగు మూడు విధములు." నాలుగో తరగతి మొత్తం ఆ పరుగును కంఠస్థం చేసింది, కదలకుండా. రెండో అధ్యాయం దాగుడుమూతలు. దాగుటకు అనువైన స్థలము యొక్క లక్షణములు. మూడో అధ్యాయం నవ్వు. ఇంటి పని కింద "ఆటలాడుటవలన కలుగు లాభములు వ్రాయుము" అని ఇస్తే, పిల్లలు అది రాస్తూ ఆడుకోవడం మానేశారు.

"అమ్మా," అంది లాస్య ఒక సాయంత్రం, "లెక్కల పీరియడే నయమే. అందులో ఎప్పుడన్నా కిటికీలోంచి బయటికి చూడనిస్తారు."

యూనిట్ పరీక్ష పెట్టారు. వీధి మొత్తం మీద లాస్యతో సమానంగా పరిగెత్తగల పిల్ల లేదు. కుక్క తరిమినా అందుకోలేదు. అట్లాంటి పిల్ల విరామశాస్త్రంలో తప్పింది. 'చిరునవ్వునకు, పగలబడి నవ్వుటకు గల భేదములు తెలుపుము' అన్న ప్రశ్నకు "చిరునవ్వు మాస్టారు ఉన్నప్పుడు. పగలబడి నవ్వడం మాస్టారు వెళ్ళాక" అని రాసింది. కొట్టేసి సున్నా వేశారు.

భుజంగరావు గారు హైమావతిని పిలిపించి, ఎటో చూస్తూ చెప్పాడు. "పిల్ల చురుకైందేనమ్మా. అన్నిట్లోనూ బాగుంది. ఇంటర్‌బెల్లులోనే కొంచెం వీకు."

"ఇంటర్‌బెల్లులో వీకేంటి సార్!"

"థియరీలో," అన్నాడాయన, దోషిలా.

ఊళ్ళో మాత్రం ఈ శాస్త్రం బ్రహ్మాండంగా అందుకుంది. కర్రీ పాయింటుకు ఎదురుగా మేడ మీద 'విరామశాస్త్రం కోచింగ్, ఉదయం బ్యాచి, సాయంత్రం బ్యాచి' అని బోర్డు వెలిసింది. ఒక ప్రైవేటు బడి వాళ్ళు తమ పిల్లలకు పుట్టుకతోనే విరామంలో పునాది వేస్తామని ఆటోకి మైకు కట్టి చెప్పించారు. పక్కింటి కామేశ్వరమ్మ కొట్టు ముందు నిలబడి, అందరికీ వినపడేలా, "మా మనవడు ఆటవిడుపులో క్లాసు ఫస్టు. పాపం, వాడికి ఆడుకోవడానికి టైమే చిక్కట్లేదు" అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో గర్వం పొంగిపొర్లుతోంది.

మస్తాను ఒక రోజు కూర కట్టించుకుంటూ మెల్లిగా అన్నాడు. "హైమక్కా, ఏమనుకోకు గానీ, ఆ రోజు నువ్వు ఊరుకుని ఉంటే పిల్లలు హాయిగా ఎక్కాలు చదువుకునేవాళ్ళు."

హైమావతి పొట్లానికి దారం చుట్టింది. ఆ మాట తనకు తాను రోజూ చెప్పుకుంటున్నదే. దొడ్డికి తలుపు రాలేదు. కుళాయి రాలేదు. లాస్య సీసా ఇప్పటికీ నిండుగానే వస్తోంది. పైగా ఇప్పుడు ఆ పిల్లకు బడంటే భయం పట్టుకుంది, అదీ ఆటల పీరియడంటే.

ఇంతలో విరామశాస్త్రానికి పెద్ద ఎత్తున నిధులు వచ్చాయన్న వార్త వచ్చింది. శాస్త్రమన్నాక ప్రయోగాలుండాలి, ప్రయోగాలన్నాక ప్రయోగశాల ఉండాలి. అందుకని గంధంపేట బడిలో విరామ ప్రయోగశాల కడతారు. లోపల మెత్తని తివాచీ, గోడలకు పరిగెడుతున్న పిల్లల బొమ్మలు, గాలి కోసం ఫ్యాన్లు.

ఒక పొద్దున ఇద్దరు మనుషులొచ్చి బడి ముందున్న ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీశారు. కిటికీల్లోంచి చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. కబడ్డీ కోర్టు గీస్తున్నారనుకున్నారు. భుజంగరావు గారు బయటికొచ్చి అవి పునాది గీతలని చెప్పలేక చెప్పాడు. ఆడుకోవడానికి బడిలో ఉన్న స్థలం అదొక్కటే. ఆట గురించి చదివే గది కట్టడానికి ఇంకెక్కడా చోటు లేదు.

శంకుస్థాపనకు రాజధాని నుంచి విద్యాశాఖ డైరెక్టరు గారే వస్తున్నారన్నారు. 'విరామశాస్త్రానికి బీజం వేసిన మాతృమూర్తి' అని హైమావతి పేరు ఆహ్వానపత్రిక మీద వేశారు. "నేను రాను, నా మొహం ఎవరికీ చూపించలేను" అందావిడ. "రా అక్కా," అన్నాడు మస్తాను. "పైనున్నవాళ్ళ పక్కన కూర్చునే అవకాశం మనకు మళ్ళీ రాదు. ఏదో ఒకటి అడుగుదువుగాని."

ఆ రోజు షామియానా వేశారు. పిల్లల్ని తెల్లవారగానే తెచ్చి వరసల్లో కూర్చోబెట్టారు. డైరెక్టరు గారు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. లావుపాటి మనిషి, ఒళ్ళంతా చెమట. దిగగానే కొబ్బరిబోండాం ఇచ్చారు. వేదిక ఎక్కగానే మజ్జిగ ఇచ్చారు. కూర్చోగానే నిమ్మరసం ఇచ్చారు. మర్యాదస్తుడు కావడంతో ఆయన ఏదీ కాదనలేదు.

తర్వాత త్రివిక్రమరావు గారు మైకు పట్టుకున్నారు.

"మాననీయులైన డైరెక్టరు గారి దార్శనికత ఫలితముగా, నిరుపయోగముగా పడియున్న విరామము నేడు శాస్త్ర హోదాను సంతరించుకొన్నది. ఈ సందర్భమున విరామము యొక్క చరిత్రను ఆదిమానవుని కాలము నుండి క్లుప్తముగా..."

ఆదిమానవుడు గుహలోంచి బయటికి రావడానికే చాలాసేపు పట్టింది. హైమావతి పక్క కుర్చీలో డైరెక్టరు గారు ఒకసారి ఇటు సర్దుకున్నారు, ఒకసారి అటు సర్దుకున్నారు. గడియారం చూసుకున్నారు. చివరికి ఆవిడ వైపు వంగారు.

"అమ్మా, ఇక్కడ... బాత్రూము సదుపాయం..."

"ఉంది సార్," అంది హైమావతి. "తలుపు లేదు. నీళ్ళు లేవు. ఎవరన్నా అడ్డంగా నిలబడాలి."

డైరెక్టరు గారు ఎదురుగా ఉన్న కెమెరాల వంక చూశారు. మైకు దగ్గరున్న త్రివిక్రమరావు గారి వంక చూశారు. ఆయన అప్పుడే వేదకాలంలో అడుగుపెడుతున్నాడు.

"ఎంతసేపు పట్టొచ్చు?"

"సారు పుస్తకం మొత్తం తెచ్చుకున్నారు సార్. మధ్యలో ఖాళీ ఉండకూడదు కదా."

ఎత్తిపొడుపుగానే అంది. కానీ అనేశాక ఆవిడ చూపు ఆయన కాళ్ళ మీద పడింది. డైరెక్టరు గారు మోకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, ముందున్న బల్లని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా నేల మీద పిల్లలు వరసలు వరసలుగా అట్లాగే కూర్చున్నారు. లాస్య కూడా. ఎంత కోపంగా ఉన్నా హైమావతికి ఆ పెద్దమనిషిని చూస్తే జాలేసింది. ఆ బాధకు హోదాతో పని లేదు.

లేచి వెళ్ళి త్రివిక్రమరావు గారి పక్కన నిలబడి, మైకులో, "సార్, ఒక్క నిమిషం. హెడ్మాస్టారు గారూ, ఇంటర్‌బెల్లు కొట్టించండి" అంది.

"ఏ నిబంధన ప్రకారం?" అన్నారు త్రివిక్రమరావు గారు.

భుజంగరావు గారు డైరెక్టరు వంక చూశాడు. డైరెక్టరు గారి కళ్ళలో ఉన్న విన్నపం ఏ సర్క్యులర్‌లోనూ లేనంత స్పష్టంగా ఉంది. జీవితంలో మొదటిసారి భుజంగరావు గారు కాగితం లేకుండా నిర్ణయం తీసుకున్నాడు. వరండాలోకి వెళ్ళి, వేలాడుతున్న ఇనప ముక్కని సుత్తితో తనే కొట్టాడు. ఆపకుండా కొట్టాడు.

పిల్లలు ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత షామియానా గుంజలు ఊగిపోయేలా లేచారు. సున్నం గీతల మీంచి దుమ్ము లేచింది. ఆ దుమ్ములో అందరికంటే ముందు ఒక పిల్ల జడలెగరేసుకుంటూ పోతోంది. ఆ దుమ్ము చాటునే డైరెక్టరు గారు కర్రీ పాయింటు పక్కనున్న దొడ్డి కోసం హైమావతి వెంట బస్టాండు సందులోకి చాలా వేగంగా నడిచారు. పుస్తకంలో చెప్పిన మూడు రకాల పరుగుల్లో అది ఏదో తేల్చడం కష్టం.

కాసేపటికి ఆయన మొహం కడుక్కుని, మనిషి మారిపోయినట్టు వచ్చి కర్రీ పాయింటు స్టూలు మీద కూర్చున్నారు. హైమావతి గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆయన భయంగా చూశారు.

"తాగండి సార్. ఇప్పుడేం భయం, పక్కనే ఉందిగా."

ఆయన తాగారు. అప్పుడావిడ చెప్పింది. లాస్య సీసా గురించి, జ్వరం గురించి, డాక్టరమ్మ అడిగిన ప్రశ్న గురించి. గొంతు పెంచలేదు. చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకుంది, అంతే.

డైరెక్టరు గారు గ్లాసు కింద పెట్టారు. "నాకూ మనవరాలుందమ్మా," అన్నారు. "కానీ ఏం చెయ్యను? ఈ సబ్జెక్టు రద్దు చెయ్యలేను. నేనే ప్రారంభించాను. దీని మీద రెండు సదస్సుల్లో ప్రసంగించాను. నిధులు కూడా ప్రయోగశాల పేరు మీదే వచ్చాయి. వేరే దానికి ఖర్చు పెడితే ఆడిట్ వాళ్ళు నన్ను బతకనివ్వరు."

ఇన్నాళ్ళూ లాస్య చేత ఆ పాఠ్యపుస్తకం వల్లె వేయించడంలో హైమావతికి ఆ భాష కాస్త వంటబట్టింది.

"రద్దెందుకు సార్? ఉంచండి. థియరీ ఐచ్ఛికం అనండి. ప్రాక్టికల్సు రోజూ రెండు పూటలా అనండి. మాస్టారు దగ్గర లేకుండా పిల్లలే చేసుకుంటారు కాబట్టి దాన్ని స్వయం అధ్యయనం అనండి."

డైరెక్టరు గారు తలెత్తారు. "స్వయం అధ్యయనం," అన్నారు. "బాగుంది. మరి స్థలం?"

"స్థలం ప్రాక్టికల్సుకు కావలసిన పరికరం సార్. పరికరం మీద ఎవరన్నా బిల్డింగు కడతారా?"

"కట్టరు," అన్నారాయన ఆలోచిస్తూ. "కట్టకూడదు. అయితే మరి ప్రయోగశాల?"

"ప్రహరీ మూల కట్టించండి. చిన్న చిన్న గదులు. ప్రతి గదికీ తలుపు, లోపల గొళ్ళెం, ఒక కుళాయి. ఆడపిల్లలకు వేరుగా, మగపిల్లలకు వేరుగా."

డైరెక్టరు గారు ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టారు. చిరునవ్వుతో మొదలై రెండో రకానికి వెళ్ళింది. ఎదురు మేడ మీద కోచింగు మాస్టారు కిటికీ తీసి చూసేంతగా నవ్వారు. వెళ్తూ వెళ్తూ గోంగూర పప్పు కట్టించుకున్నారు.

వర్షాలు మొదలయ్యే లోపలే కట్టడం అయిపోయింది. త్రివిక్రమరావు గారే రిబ్బను కత్తిరించారు. తలుపులు, గొళ్ళేలు, కుళాయిలు లెక్కచూసుకుని, "ప్రయోగములకు అనువైన ఏకాంత వాతావరణము కల్పింపబడినది" అని మెచ్చుకున్నారు. పైన రంగురంగుల అక్షరాలతో 'విరామ ప్రయోగశాల' అని రాశారు. పిల్లలు తొందరగానే అలవాటు పడ్డారు. ఇప్పుడు ఆ బళ్ళో ఎవరూ చిటికెనవేలు చూపించరు. లేచి నిలబడి, "సార్, ల్యాబుకెళ్ళొస్తాను" అంటారు. భుజంగరావు గారు వెళ్ళి రమ్మంటారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తల్లులు వచ్చి చూసి, తమ బడికి కూడా ఇట్లాంటి ల్యాబు కావాలని అర్జీలు పెడుతున్నారు. అర్జీలో ఏ మాట వాడాలో, ఏ మాట పొరపాటున కూడా వాడకూడదో హైమావతి కూరలు కడుతూ కడుతూనే చెప్పి పంపిస్తోంది.

ఆ సంవత్సరం చివర్లో రాజధాని నుంచి ఒక తనిఖీ అధికారి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, కాబట్టి అన్నీ స్వయంగా చూడాలన్న పట్టుదల ఉంది. గురువు లేకుండా పిల్లలు శాస్త్రం ఎట్లా నేర్చుకుంటున్నారో ప్రశ్నించి తెలుసుకుంటానన్నాడు. భుజంగరావు గారు ఆయన్ని ఖాళీ స్థలం నడిమధ్య నిలబెట్టి గంట కొట్టించాడు.

పిల్లలు వచ్చారు. అధికారి, "బాబూ, ఇలా రా" అన్నాడు. ఆ బాబు అప్పటికే లేడు. "పాపా, నీ పేరేమిటి?" అన్నాడు. "లా..." అని మాత్రం వినపడింది, మిగతా పేరు అవతలి గోడ దగ్గరుంది. మస్తాను కొడుకు ఆయన నడుము పట్టుకుని వెనకాల దాక్కుని, దొంగ వచ్చేది చూసి వదిలేసి పోయాడు. ఒక బంతి వచ్చి ఆయన బూటుకు తగిలింది. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించట్లేదని నిర్ధారించుకుని, దాన్ని కాలితో తన్నాడు. అది పోవలసిన చోటికే పోయింది. "ఇంకోసారి సార్!" అని ఎవరో అరిచారు.

మళ్ళీ గంట కొట్టాక ఆయన ఆఫీసు గదిలో కూర్చుని, రొప్పుతూ, జుట్టు సర్దుకుంటూ, నివేదిక రాశాడు:

"విద్యార్థులందరూ అధ్యయనంలో పూర్తిగా నిమగ్నులై యున్నందున, ప్రశ్నించుటకు ఒక్కరూ చిక్కలేదు."